శవాలు మోసిన చేతులు, ఎవరూ అడగని మనసులు

నవంబరు 19వ తేదీ సమీపించినప్పుడల్లా కృష్ణా జిల్లాలో నా వయస్సు వారికి ఒకే జ్ఞాపకం వస్తుంది. 1977లో ఆ రోజున వచ్చిన ఉప్పెన దివిసీమను తుడిచిపెట్టింది. అధికారిక లెక్కల ప్రకారమే సుమారు పదివేల మంది మరణించారు. అక్కడి పెద్దలను అడిగితే ఆ లెక్కను అంగీకరించరు. నేను అప్పుడు హౌస్ సర్జన్‌ను. ఉప్పెన వచ్చిన నాలుగవ రోజున అవనిగడ్డ దాటి లోపలి గ్రామాలకు వెళ్ళిన ఒక వైద్య బృందంలో నేనూ ఒకణ్ణి. టీకాలు వేయటం, గాయాలకు కట్లు కట్టటం, బావులలో బ్లీచింగ్ పొడి చల్లించటం మా పని. దాని గురించి ఈ బ్లాగులోనే లోగడ ఒకటి రెండు సార్లు వ్రాశాను. ఈసారి వ్రాయదలచినది మా గురించి కాదు. మేము రాత్రిళ్ళు తలదాచుకున్న బడిలోనే మరొక మూల పడుకున్న పోలీసుల గురించి.

వారి పని వేరు. తెల్లవారగానే బయలుదేరి, ముళ్ళకంపలలోను, కూలిన ఇళ్ళ క్రింద, పంటబోదెలలోను చిక్కుకున్న మృతదేహాలను వెలికితీసి, ఒకచోట చేర్చి, కిరోసిన్ పోసి దహనం చేయటం. దానికి తగిన చేతి తొడుగులు లేవు, శిక్షణ లేదు, వంతులు లేవు. వారిలో ఒక కానిస్టేబుల్ నా ఈడువాడు. మూడవ రాత్రి నా దగ్గరకు వచ్చి, "సబ్బు పెట్టి ఎంత రుద్దినా చేతుల వాసన పోవట్లేదండీ, ఏదన్నా మందుంటే ఇప్పించండి" అని అడిగారు. నేను ఆయన చేతులు దగ్గరకు తీసుకొని చూశాను. నాకు ఏ వాసనా తగలలేదు. స్పిరిట్‌లో తడిపిన దూది ఇచ్చి పంపాను. వెళ్ళబోతూ ఆయన ఒక మాట చెప్పారు. ఆ రోజు మధ్యాహ్నం ఎత్తిన ఒక పసిపిల్ల మొలత్రాటికి చిల్లుకాణీ కట్టి ఉందట. తన కూతురి మొలత్రాటికి కూడా సరిగ్గా అలాంటిదే తన తల్లి కట్టిందట. అంతే చెప్పి వెళ్ళిపోయారు. నాకు ఏమి బదులు చెప్పాలో తెలియలేదు. ఆరేళ్ళ వైద్యవిద్యలో ఆ ప్రశ్న ఎక్కడా రాలేదు.

ఇక్కడ ఒక విషయం చెప్పి ముందుకు వెళతాను. ఆ శవాలను అంత ఆదరాబాదరాగా తగులబెట్టించినది కలరా ప్రబలుతుందన్న భయం. అప్పట్లో డాక్టర్లమైన మేమూ అదే నమ్మాము, అదే చెప్పాము. నీట మునిగి, గోడలు కూలి మరణించిన ఆరోగ్యవంతుల శరీరాల వల్ల మహమ్మారులు పుట్టవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ తరువాతి దశాబ్దాలలో ఎన్నోసార్లు స్పష్టం చేసింది. శవాలను చేత్తో తాకేవారికి కొంత జాగ్రత్త అవసరం, అంతే. మా తొందర వలన ఎందరో బంధువులు తమవారిని చివరిచూపు చూసుకోలేకపోయారు. ఆ తొందర భారమంతా మోసినది మాత్రం ఆ నలుగురైదుగురు కానిస్టేబుళ్ళు.

సుమారు తొమ్మిదేళ్ళ తరువాత నేను కోస్తాలోని ఒక పట్టణంలో ప్రభుత్వ వైద్యాధికారిగా చేరినప్పుడు ఆయన ఆ ఊరి స్టేషనులోనే పనిచేస్తున్నారు. ఆయనే నన్ను గుర్తుపట్టారు. ఆ తరువాత ప్రతి ఏటా కార్తీక మాసం ప్రాంతంలో కడుపునొప్పి, ఛాతీలో మంట, నిద్రలేమి అంటూ ఓ.పి.కి వచ్చేవారు. ఆమ్లం తగ్గించే మాత్రలు, నిద్రకు డైజిపామ్ వ్రాసి ఇచ్చేవాణ్ణి. ఆ చీటీలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూసి ఉంటే, అవన్నీ అక్టోబరు, నవంబరు నెలలవేనని ఏ వైద్య విద్యార్థి అయినా చెప్పగలడు. నేను చూడలేదు. వరుసలో వెనక వందమంది ఉండేవారు.

1990 మే నెలలో మళ్ళీ కృష్ణా ముఖద్వారం దగ్గర తీవ్ర తుపాను తీరం దాటింది. ముందుగా లక్షలాది మందిని తరలించటం వలన ఈసారి ప్రాణనష్టం 1977తో పోలిస్తే ఎంతో తక్కువ. అయినా దాదాపు వేయి మంది మరణించారు. దివిసీమ అనుభవం ఉన్నవాడని ఆయనను మళ్ళీ అదే పనికి పంపారు. పంపినవారికి అది న్యాయంగానే తోచి ఉంటుంది, పని తెలిసినవాణ్ణి పంపటం ఏ శాఖలోనైనా మామూలే. ఆ ఏడు శీతాకాలంలో ఒక రాత్రి ఇద్దరు సహోద్యోగులు ఆయనను పట్టుకొని ఆసుపత్రికి తీసుకొచ్చారు. చేతిలో పై అధికారి ఇచ్చిన మెమో. విధులలో ఉండగా మద్యం సేవించి ఉన్నాడో లేదో పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వవలసినదని అందులో ఉంది.

ప్రభుత్వ వైద్యులందరికీ తెలిసిన పని ఇది. నోటి వాసన, కంటిపాపలు, మాట తడబాటు, నడక. అయిదు నిమిషాల పరీక్ష. "మద్యం సేవించియున్నాడు, దాని ప్రభావంలో ఉన్నాడు" అని వ్రాసి సంతకం పెట్టాను. వ్రాసినదానిలో అబద్ధం లేదు. ఆ కాగితం మీద ఆయన సస్పెండయ్యారు. ఇంక్రిమెంట్లు పోయాయి. తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నా "తాగుబోతు" అన్న ముద్ర సర్వీసు రిజిస్టరులోనే కాక ఊరిలో కూడా పడింది. ఆ తరువాత కొంతకాలానికి ఆయన భార్య ఆసుపత్రికి వచ్చి నాతో చెప్పిన మాటలు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. "గాలి మొదలైతే ఇంట్లో పడుకోరండీ డాక్టరుగారూ. అరుగు మీద కూర్చుని చేతులు వాసన చూసుకుంటా ఉంటారు. తాగితే గానీ కన్ను మూయలేరండీ. తాగుడు ముందు లేదండీ, గాలి ముందండీ."

తాగుడు ముందు కాదు, గాలి ముందు. ఇంతకంటే చక్కని రోగనిర్ధారణను నేను ఏ పెద్ద ఆసుపత్రిలోనూ వినలేదు. పదమూడేళ్ళుగా నేను చేయలేకపోయినది ఆమె ఒక్క వాక్యంలో చేసింది. ఆయన ఈనాడు లేరు. ఆమె అనుమతితోనే ఇది వ్రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఈ వ్యాధికి వైద్యశాస్త్రంలో ఒక పేరంటూ రావటమే ఆలస్యమైంది. దివిసీమ ఉప్పెన నాటికి మా పాఠ్యపుస్తకాలలో పి.టి.ఎస్.డి. అన్న మాట లేదు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం వెలువరించిన వర్గీకరణలో, ముఖ్యంగా వియత్నాం యుద్ధం నుండి తిరిగివచ్చిన సైనికుల అనుభవాల నేపథ్యంలో, అది చోటు చేసుకుంది. తెలుగులో ఆఘాతానంతర మనోవ్యాధి అనవచ్చు. ప్రాణాంతకమైన సంఘటనను ఎదుర్కొన్నవారికి, కళ్ళారా చూసినవారికి అది రావచ్చునని మొదట అనుకున్నారు. 2013లో వచ్చిన అయిదవ వర్గీకరణ మరొక అడుగు ముందుకు వేసి, వృత్తిరీత్యా పదేపదే అటువంటి వాటి మధ్య పనిచేసేవారిని విడిగా పేర్కొన్నది. అందులో ఇచ్చిన ఉదాహరణ మానవ అవశేషాలను సేకరించే తొలి సహాయక సిబ్బందే. అంటే మా కానిస్టేబుల్ గారి పనే.

లక్షణాలు నాలుగు రకాలుగా కనిపిస్తాయి. చూసినది పిలవకుండానే మళ్ళీ మళ్ళీ కళ్ళముందుకు రావటం, పీడకలలు రావటం ఒకటి. దానిని గుర్తుచేసే చోట్లను, మనుషులను, మాటలను తప్పించుకు తిరగటం రెండవది. ఇంట్లోవారి మీద కూడా ప్రేమ మొద్దుబారటం, నేనే సరిగా చేయలేదన్న అపరాధ భావం మూడవది. చిన్న చప్పుడుకు ఉలిక్కిపడటం, చిరాకు, నిద్ర లేకపోవటం నాలుగవది. ఇవి నెల దాటినా తగ్గకపోతేనే వ్యాధి అంటాము. మొదటి రెండు మూడు వారాలలో ఇవి కొంతవరకు ఎవరికైనా సహజం. అత్యధికులకు వాటంతటవే తగ్గుతాయి. కొందరికి ఆరు నెలలు గడిచాక గాని పూర్తిగా బయటపడవు. అదే ఋతువు, అదే తేదీ, అదే గాలి తిరిగి వచ్చినప్పుడు పైకి లేస్తాయి. వాసన సంగతి మరీ ప్రత్యేకం. మిగిలిన ఇంద్రియాల సమాచారం మెదడులో ఒక మజిలీ చేసి వెళుతుంది. వాసన మాత్రం భయానికి, జ్ఞాపకానికి సంబంధించిన భాగాలకు దాదాపు నేరుగా చేరుతుంది. అందుకే చేతికి అంటని వాసన మనసుకు అంటుకొని ఉండిపోతుంది.

నేను ఆయనకు ఏళ్ళ తరబడి వ్రాసి ఇచ్చిన డైజిపామ్ జాతి మాత్రలు ఈ వ్యాధికి మందు కావు. అలవాటు పడే ప్రమాదం ఉన్నందున, మూలవ్యాధికి మేలు చేయనందున, వీటిని వాడవద్దనే నేటి మార్గదర్శకాలు చెబుతున్నాయి. మద్యంతో కలిస్తే అవి ప్రాణానికే ముప్పు. ఆ సంఘటనను క్రమపద్ధతిలో, నిపుణుని సమక్షంలో ఎదుర్కొనేటట్లు చేసే మనోచికిత్సలు, అవసరమైతే సెర్ట్రలిన్ వంటి మందులు బాగా పనిచేస్తాయి. నయం కాని జబ్బు కాదిది. అందుకే దీనిని చూడకుండా వదిలేయటం నాకు మరింత బాధ కలిగిస్తుంది.

ఇదంతా పాతకథ అని కొట్టివేయటానికి లేదు. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగ వద్ద కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌తో సహా మూడు రైళ్ళు ఢీకొన్న దుర్ఘటనలో 290 మందికి పైగా మరణించారు. మన తెలుగువారు ఎందరో రాకపోకలు సాగించే మార్గమది. నాలుగు రోజుల తరువాత జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం అధిపతి అతుల్ కర్వాల్ ఢిల్లీలో బహిరంగంగానే చెప్పారు: అక్కడ పనిచేసిన తన సిబ్బందిలో ఒకరికి నీటిని చూసినప్పుడల్లా రక్తంలా కనిపిస్తున్నదని, మరొకరికి ఆకలే పోయిందని. ఒక దళాధిపతి ఈ మాట దాచకుండా చెప్పటం మన దేశంలో అరుదు, ఆయనకు నమస్కరించాలి. ఆ దుర్ఘటనలోనే మృతదేహాలను ఉంచిన బహనాగ పాఠశాలకు పిల్లలు రావటానికి భయపడుతున్నారని ఆ భవనభాగాన్ని కూల్చివేయించారు. తప్పని నేను అనను, పసిపిల్లల భయాన్ని గౌరవించవలసిందే. కాని ఆ గదులలోకి శవాలను మోసుకువెళ్ళిన మనుషులకు కూల్చుకోవటానికి భవనం లేదు, వారు దానిని తలలో పెట్టుకొని ఇళ్ళకు వెళ్ళారు.

మన దగ్గరకే వద్దాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద గోదావరిలో పడవ మునిగినప్పుడు దానిని వెలికితీయటానికి నెల దాటింది. అన్నాళ్ళూ ఒడ్డున బందోబస్తు ఉన్నవారు పోలీసులే, బంధువుల రోదనలు విన్నదీ వారే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలో స్టైరిన్ వాయువు లీకైనప్పుడు, గాలిలో ఏముందో తెలియకుండానే ఇంటింటికీ పరుగెత్తినవారిలో పోలీసులున్నారు, వారిలో కొందరు తామే అస్వస్థులయ్యారు. 2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లాలో ఎస్.ఎల్.బి.సి. సొరంగం కూలి ఎనిమిది మంది చిక్కుకుపోగా, వారాల తరబడి బురదలో వెదికినా దొరికినవి రెండు మృతదేహాలే. వెదికినవారికి అటువంటి పని మరీ కష్టం. దొరికిందన్న ముగింపు కూడా లేకుండా ఆగిపోవలసి వస్తుంది కనుక.

ఖాకీ బట్టలు లేనివారి సంగతి మరీ అన్యాయం. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11 దాడుల తరువాత సహాయక చర్యలలో పాల్గొన్న దాదాపు 29 వేల మందిని రెండు మూడేళ్ళ తరువాత పరిశీలించి 2007లో ప్రకటించిన ఫలితాలు ఉన్నాయి. మొత్తం మీద ఈ వ్యాధి ఉన్నట్లు తేలినవారు 12.4 శాతం. పోలీసులలో 6.2 శాతం. ఏ సంస్థకూ చెందకుండా సాయానికి వచ్చిన సామాన్య స్వచ్ఛంద సేవకులలో 21.2 శాతం. శిక్షణ, తోడివారి అండ మనిషిని ఎంతగా కాపాడతాయో ఈ అంకెలు చెబుతున్నాయి. పోలీసులు దాచుకొని చెప్పకపోవటం వలన కూడా ఆ అంకె కొంత తగ్గి ఉండవచ్చు. మన దేశంలో విపత్తు వస్తే ముందుగా నీళ్ళలోకి దూకేది ఊరి యువకులు, జాలరులు. తరువాత వచ్చేవారు హోంగార్డులు, 108 సిబ్బంది, పురపాలక పారిశుధ్య కార్మికులు. చివరికి శవాగారంలో సహాయకుడు. ఆ చివరి మనిషి గురించి నా సర్వీసులో ఒక్క సమావేశంలోనైనా చర్చించినట్లు గుర్తులేదు. "వాడికి అలవాటేలే, రెండు గుక్కలు వేసుకుంటాడు" అనేవాళ్ళం. మేమే ఇప్పించిన సందర్భాలూ ఉన్నాయి. సిగ్గుతోనే ఒప్పుకుంటున్నాను.

మరి ఏమి చేయాలి? పెద్ద దుర్ఘటన జరగగానే ఇటీవల ఒక ఆనవాయితీ మొదలైంది. ఒక మనస్తత్వ నిపుణుణ్ణి పిలిపించి, సిబ్బంది అందరినీ ఒక హాలులో కూర్చోబెట్టి, ఒక పూట ప్రసంగం చేయించి, ఫొటో తీయించి, కౌన్సెలింగ్ పూర్తయిందని నివేదిక పంపటం. సదుద్దేశంతోనే చేస్తున్నారు. కాని ఇక్కడ శాస్త్రం చెప్పేది తెలుసుకోవాలి. 1980లలో జెఫ్రీ మిచెల్ అనే అమెరికన్, తాను కూడా ఒకప్పుడు అగ్నిమాపక దళంలో పనిచేసినవాడే, ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. సంఘటన జరిగిన కొద్ది రోజులలోనే అందరినీ కూర్చోబెట్టి ఎవరు ఏమి చూశారో, ఏమి అనిపించిందో చెప్పించటం. లోకమంతా అనుసరించింది. ఆ తరువాత జరిగిన పరీక్షలను క్రోడీకరించి చూస్తే, ఒక్కసారి అలా చెప్పించటం వలన వ్యాధి ఆగటం లేదు, కొందరికి హాని కూడా జరుగుతున్నది. పచ్చిపుండును బలవంతంగా కెలికినట్లు అన్నమాట. అందుచేత ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దానిని వద్దన్నది. 2011లో అది వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి చెప్పేది చాలా సాదా: చూడండి, వినండి, కలపండి. ఎవరు తల్లడిల్లుతున్నారో చూడటం, వారు చెబితే వినటం, చెప్పకపోతే ఊరుకోవటం, అన్నం, నిద్ర, ఇంటి కబురు, అవసరమైతే వైద్యుడు, వీటితో వారిని కలపటం.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. సిబ్బంది మనసును కాపాడేది ప్రసంగం కాదు, డ్యూటీ చార్టు. శవాల దగ్గర పని ఎవరికైనా కొన్ని గంటలే వేయాలి, తరువాత తప్పనిసరిగా మార్చాలి. ఒంటరిగా ఎవరినీ పంపకూడదు, అనుభవం ఉన్నవారి పక్కన కొత్తవారిని జతచేయాలి. వెళ్ళేముందే ఏమి చూడబోతున్నారో దాచకుండా చెప్పాలి. మృతుల ముఖాలను అదేపనిగా చూడవద్దని, వారి జేబులలోని ఉత్తరాలను, ఫొటోలను పరిశీలించే పనిని శవాలు మోసే మనిషికి అప్పగించవద్దని, ఈ రంగంలో పరిశోధన చేసినవారు చెబుతారు. చనిపోయిన వ్యక్తిలో తన బిడ్డనో, తన తల్లినో పోల్చుకున్న క్షణంలోనే గాయం లోతుగా దిగుతుంది. చిల్లుకాణీ కట్టిన మొలత్రాడు చేసిన పని అదే. పసిపిల్లల శవాల దగ్గర పసిపిల్లలున్న తండ్రిని వేయకుండా ఉండగలిగితే అది ఎంతో మేలు. భోజనం చేసే చోటు, స్నానం చేసి బట్టలు మార్చుకునే చోటు ఆ వాసనకు దూరంగా ఉండాలి. తన ఇల్లు ఏమైందో తెలుసుకోవటానికి మొదటి రోజే ఒక ఫోను చేసుకోనివ్వాలి. తుపానులో కానిస్టేబుల్ కూడా బాధితుడే, ఆయన రేకుల ఇల్లు కూడా ఆ ఊళ్ళోనే ఎగిరిపోయి ఉంటుంది.

పని ముగిశాక నేరుగా మంత్రిగారి పర్యటన బందోబస్తుకు పంపకుండా రెండు రోజులు ఇంటికి పంపాలి. ఇది విలాసం కాదు, మందు. తరువాత నెలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు అందరినీ పిలిచి పది నిమిషాలు మాట్లాడాలి. అందరినీ అన్నది గమనించండి. కొందరినే పిలిస్తే పిలిపించుకున్నవాడు నలుగురిలో పలుచన అవుతాడు. రక్తపోటు, చక్కెర పరీక్షలతో పాటే నాలుగు ప్రశ్నలు అడిగితే చాలు. పీడకలలు వస్తున్నాయా, ఆ సంగతి తలపుకు రాకుండా తప్పించుకు తిరుగుతున్నారా, ఉలిక్కిపడుతున్నారా, ఇంట్లోవారితో ఉన్నా దూరంగా ఉన్నట్లుంటున్నదా. రెండు మూడింటికి అవునంటే మనోవైద్యుని దగ్గరకు. ప్రతి జిల్లాలోనూ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఉన్నది, 1996 నుండి ఈ పథకం నడుస్తున్నది. కొత్త భవనాలు, కొత్త పదవులు అవసరం లేదు. ఆ వైద్యుడు మాత్రం దళాధికారి క్రింద పనిచేసేవాడు కాకూడదు, ఆయన వ్రాసినది సర్వీసు రిజిస్టరుకు చేరకూడదు.

అసలు చిక్కు ఈ చివరి మాటలోనే ఉంది. మన పోలీసులు పిరికివారై రాకపోవటం లేదు, లెక్క తెలిసినవారై రావటం లేదు. మనోవైద్యుని చీటీ ఒకటి బయటపడితే పదోన్నతి ఆగుతుంది, ఆయుధం తీసేసుకుంటారు, పిచ్చివాడని పేరు పడుతుంది. కడుపునొప్పి చీటీకి ఆ ప్రమాదం లేదు. కనుక కడుపునొప్పితోనే వస్తారు. నడుంనొప్పితో, తలనొప్పితో, గుండెదడతో వస్తారు. నాతో మాట్లాడిన అధికారులు కొందరు, "ఇవన్నీ పెడితే ప్రతివాడూ మానసిక ఒత్తిడి అంటూ సెలవు అడుగుతాడు డాక్టరుగారూ" అన్నారు. మూడు దశాబ్దాలకు పైబడిన ప్రభుత్వ సర్వీసులో, లేని నడుంనొప్పిని ఉందని చెప్పి సెలవు అడిగినవారిని చూశాను గాని, లేని మనోవ్యాధిని ఉందని చెప్పిన కానిస్టేబుల్‌ను ఒక్కరినీ చూడలేదు. ఉన్నది లేదని చెప్పినవారినే చూశాను.

మరి తాగి విధులకు వచ్చినవాణ్ణి, తుపాకి చేతిలో ఉన్నవాణ్ణి ఊరకే వదిలేయమంటారా అని అడగవచ్చు. అననే అనను. ఆ రాత్రే ఆయుధం తీసుకోవాలి, విధుల నుండి తప్పించాలి. ప్రజల భద్రత ముందు. అయితే తప్పించే మార్గం సస్పెన్షన్ కావాలా, వైద్య సెలవు కావాలా అన్నదే ప్రశ్న. నేను న్యాయవాదిని కాను గాని ఒక తీర్పు గురించి చెప్పాలి. కేంద్ర రిజర్వు పోలీసు దళానికి చెందిన ఒక అధికారి కేసులో 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, మానసిక వైకల్యం ఉన్న ఉద్యోగిపై క్రమశిక్షణ చర్యలు చేపట్టటం వివక్షలో భాగమేనని చెప్పింది. అతడి ప్రవర్తనకు వైకల్యం ఒక కారణమైతే చాలు, అదొక్కటే కారణం కానక్కరలేదని కూడా చెప్పింది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం కలిగినవారిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నది. కేంద్ర సాయుధ బలగాలలోని పోరాట సిబ్బందిని మాత్రం అంతకు కొద్ది నెలల ముందు 2021లోనే ఆ రక్షణ నుండి ప్రభుత్వం మినహాయించింది. ఎక్కువ ప్రమాదంలోకి పంపేవారికే తక్కువ రక్షణ ఎందుకో నాకు అర్థం కాలేదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2009లోనే మానసిక సాంఘిక సహాయంపై మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిని చదివిన పోలీసు అధికారి ఎందరో ఉంటారని ఆశిస్తున్నాను, ఇంతవరకు ఒకరే తారసపడ్డారు.

పోలీసుల, అగ్నిమాపక సిబ్బంది, 108 ఉద్యోగుల ఇళ్ళలో ఈ బ్లాగు చదివేవారు ఉన్నారని మీ ఉత్తరాల వలన నాకు తెలుసు. ముఖ్యంగా ఆ ఇళ్ళలోని అమ్మలకు, అక్కచెల్లెళ్ళకు రెండు మాటలు. ఏదో ఒక దుర్ఘటన డ్యూటీ తరువాత మీ ఇంటి మనిషి మారిపోయినట్లు మీకు తోస్తే, మీకు తోచినది చాలావరకు నిజమే అయి ఉంటుంది. ఏమి చూశావు, చెప్పు చెప్పు అని ఒత్తిడి చేయకండి. పక్కన కూర్చోండి. నిద్రపట్టే వేళలు, తాగుడు మొదలైన నెల, ఏ ఋతువులో ఎక్కువవుతుందో ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకొని డాక్టరుకు చూపించండి. చచ్చిపోతే బాగుండునన్న మాట నోట వస్తే దానిని బెదిరింపుగా కొట్టివేయకండి, ఆ రోజే తీసుకెళ్ళండి. 14416 అనే టెలి మానస్ నంబరు 2022 అక్టోబరు నుండి పనిచేస్తున్నది, తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రీ పగలూ ఉంటుంది, ఖర్చు లేదు. ఆ ఫోను సంగతి స్టేషనుకు చేరదు.

ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేస్తున్న యువ వైద్యమిత్రులకు వేరే చెప్పాలి. మీ దగ్గరకు ఇప్పటికీ అదే మెమో వస్తుంటుంది. అడిగినదానికి నిజమే వ్రాయండి, మద్యం వాసన ఉంటే ఉన్నదనే వ్రాయాలి. దాని కోసం నిజాన్ని దాచమని నేను చెప్పను. కాని మత్తు దిగాక మరునాడు ఆయనను మళ్ళీ పిలిపించి, తలుపు వేసి, ఎప్పటి నుండి అని అడగండి. ఎందుకు తాగావు అని కాదు, ఎప్పటి నుండి అని. మొదటి ప్రశ్నకు మనిషి ముడుచుకుపోతాడు, రెండవదానికి తేదీ చెబుతాడు.

నేను సంతకం పెట్టిన ఆ ధ్రువపత్రం నకలు ఆమె దగ్గర ఇప్పటికీ ఉంది. మొన్న ఆమెను కలవటానికి వెళ్ళినప్పుడు రేకుపెట్టెలో నుండి తీసి చూపించారు. కాగితం పసుపుపచ్చగా మారింది గాని నా చేవ్రాలు స్పష్టంగానే ఉంది. ఆ అచ్చు ఫారం అడుగున "ఇతర విషయాలు" అని ఒక గడి, రెండు గీతలు ఉన్నాయి. నేను వాటిని అడ్డంగా కొట్టివేశాను. 1977లోను, 1990లోను ఇతడు ఉప్పెన మృతదేహాల విధులు నిర్వర్తించాడు, మద్యం నిద్ర కోసం మొదలైనట్లున్నది, శిక్షకు ముందు మనోవైద్యుని పరీక్ష అవసరం అని వ్రాయటానికి ఆ రెండు గీతలు సరిపోయేవి.